ఇద్దరికి మోటర్‌హోమ్, అప్పుడప్పుడు మనవలు: అపోహలు - వాస్తవాలు

దంపతులిద్దరూ తిరగడానికి చిన్న మోటర్‌హోమ్ (లోపలే పడక, వంటగట్టు, బాత్రూం ఉండే బండి) కొనాలని వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఒకటే: "ఇందులో ఎంతమంది పడుకోవచ్చు?" సెలవులకి మనవలొస్తారు కదా, అందుకని. అమ్మేవాళ్లు కూడా దానికే జవాబు చెప్తారు, బ్రోచర్లో అదే పెద్దక్షరాల్లో ఉంటుంది. నిజానికి అడగాల్సినవి వేరే రెండున్నాయి. బెల్టు పెట్టుకుని ఎంతమంది కూర్చోవచ్చు? అందరూ ఎక్కాక బండి ఇంకా ఎన్ని కిలోలు మోస్తుంది? పడకలు చాలకపోతే ఏదో ఒకటి పరుచుకుని సర్దుకోవచ్చు. బెల్టునీ యాక్సిల్‌నీ (చక్రాలని కలిపే ఇరుసు) అలా సర్దలేం.

అపోహ: నాలుగు బెర్తులున్నాయంటే నలుగురూ ప్రయాణం చేయొచ్చు

బెర్తుల సంఖ్య వేరు, బెల్టు సీట్ల సంఖ్య వేరు. నలుగురు పడుకునేలా చేసి, ఇద్దరికే బెల్టులిచ్చిన బండ్లు చాలానే ఉన్నాయి. ముఖ్యంగా వెనక భాగమంతా ఎదురెదురు సోఫాలతో హాల్లా చేసిన లేఅవుట్లలో ఇది మామూలే. మనవలతో ప్రయాణం ఉందంటే డ్రైవర్ క్యాబిన్ వెనక, ముందుకి చూసే ఇద్దరు కూర్చునే బెంచి, రెండింటికీ నడుముతో పాటు భుజానికీ వచ్చే మూడు పాయింట్ల బెల్టులు, ఇది లేని బండిని చూడనే వద్దు.

పక్కకి తిరిగి ఉండే సోఫాకి బెల్టు కనిపించినా లెక్కలోకి తీసుకోకండి. ఎదురుగా ఢీకొంటే అందులో కూర్చున్నవాళ్ల ఒళ్లు పక్కకి మెలితిరుగుతుంది. పిల్లల సీటు దానిమీద బిగించడానికి వీల్లేదు. పాత బండ్లలో నడుముకి మాత్రమే వచ్చే బెల్టులుంటాయి. పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ సీటుకి అవి పనికిరావు, భుజం మీదుగా వచ్చే పట్టీ ఉండి తీరాలి.

మూడు పాయింట్ల బెల్టున్నా పని అయిపోలేదు. పిల్లల కారు సీటు పట్టుకెళ్లి, అక్కడే బిగించి చూడండి. బిగించాక గమనించాల్సినవి ఇవి.

బకిల్ కాడ మరీ పొడవుంటే పిల్లల సీటు అంచుమీద పడి వంగిపోతుంది, లాగినా బెల్టు బిగుసుకోదు. బెంచి వెడల్పు కొలవండి. ఐ-సైజ్ (పిల్లల సీట్లకి యూరప్ నిబంధన) సీటు ఒక్కోటి 44 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, కాబట్టి ఇద్దరు చిన్నపిల్లలంటే బెంచి కనీసం 88 సెంటీమీటర్లు ఉండాలి. సన్నటి వ్యాన్లలో చాలాచోట్ల ఆ వెడల్పు రాదు. పిల్లల సీటుని బెంచి ఫ్రేముకే నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు అదనపు పరికరంగా ఇచ్చే తయారీదారులున్నారు. కొత్త బండికైతే ఆర్డర్‌లోనే రాయించుకోండి. తర్వాత బయట వెల్డింగ్ చేయించి పెట్టించుకునే వస్తువు కాదది, బెంచి ఫ్రేముతో కలిపి పరీక్షించినదై ఉండాలి.

చాలామంది కంటపడనిది ఇంకోటుంది. కొన్ని పిల్లల సీట్లకి కింద నేలకి ఆనే కాలు ఉంటుంది. మోటర్‌హోమ్‌లో ఆ కాలు దిగేచోట తరచుగా చెప్పులు, వైర్లు దాచుకునే అర ఉంటుంది, పైన పల్చటి మూత. గుద్దుకున్నప్పుడు కాలు ఆ మూతలోంచి కిందికి దిగిపోతుంది. తయారీదారు ఆ అరలో పెట్టడానికి గట్టి దిమ్మె ఇస్తున్నాడేమో అడగండి. లేదంటే కాలు అవసరం లేని సీటు ఎంచుకోవాలి.

ఎదుట టేబుల్ ఉంటుంది కాబట్టి ప్రయాణంలో దాన్ని మడిచి కట్టేయాలి, కుదరకపోతే తీసేసి లాకర్లో పెట్టాలి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటుని, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఐ-సైజ్ నిబంధన ప్రకారం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. అంటే ఆ వయసు బిడ్డ ముందు సీటులో కూర్చోవాలంటే ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ ఉండాలి. అది ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

అపోహ: 3,500 కిలోల బండి, మన సామాను ఎంతని

చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సుతో నడపగల హద్దు, బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి 3,500 కిలోలు. చిన్న మోటర్‌హోమ్‌లన్నీ ఆ హద్దుకి ఆనుకునే తయారవుతాయి. అసలు ఇబ్బంది అక్కడే.

బ్రోచర్లో కనిపించే "నడిచే స్థితిలో బరువు"లో 75 కిలోల డ్రైవర్, 90 శాతం ఇంధనం కలిసి ఉంటాయి. నీళ్లు మాత్రం అక్షరాలా చదవాలి. 100 లీటర్ల ట్యాంకు బిగించి, లెక్కలో మాత్రం ప్రయాణానికి 20 లీటర్లే అని చిన్నక్షరాల్లో రాసేవాళ్లున్నారు. మీరు ట్యాంకు నింపితే అక్కడే 80 కిలోలు పోయినట్టు. పైగా తయారీలో 5 శాతం అటూఇటూ ఉండొచ్చని నిబంధనే ఒప్పుకుంటుంది. 2,900 కిలోలని రాసిన బండి 3,045 తూగినా తప్పు పట్టలేరు.

యూరప్ నిబంధనల్లో, ప్రయాణికుల్ని మనిషికి 75 కిలోల చొప్పున లెక్కేశాక సామానుకి మిగలాల్సిన కనీస బరువుకి ఒక సూత్రం ఉంది: మనుషుల సంఖ్యకి బండి పొడవు మీటర్లలో కలిపి, 10తో హెచ్చించాలి. నలుగురు కూర్చునే 6 మీటర్ల బండికి 100 కిలోలు. గొడుగులా పరుచుకునే ఆనింగ్, మడత కుర్చీలు, బల్ల, గిన్నెలు, దుప్పట్లు, బట్టలు, వారం సరుకులు పెట్టేసరికి వంద ఎప్పుడో దాటిపోతుంది. కనీసమంటే చట్టానికి కనీసం, సంసారానికి కాదు. ఇద్దరికీ, అప్పుడప్పుడు వచ్చే ఇద్దరు పిల్లలకీ, మనుషుల బరువు పోగా 300 కిలోలు మిగిలే బండి అయితే రోజూ తూకం వేసుకునే బాధ ఉండదు.

మనవలు స్వతహాగా బరువు కాదు. ఏడేళ్ల పిల్లాడు ఇరవై, పాతిక కిలోలుంటాడు, లెక్కలో 75 వేశారు కాబట్టి అక్కడ మిగులే. తూకం తలకిందులు చేసేది వాళ్ల వెంట వచ్చేవే: సైకిళ్లు, కారు సీట్లు, బయట వేసే టెంటు.

సైకిళ్ల లెక్క ప్రత్యేకం. వెనక తలుపుకి తగిలించిన బరువు వెనక యాక్సిల్ మీద అంతకంటే ఎక్కువై పడుతుంది. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, స్టాండు కలిపి 60 కిలోలనుకుందాం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3.5 మీటర్లు, వెనక చక్రం నుంచి సైకిళ్లకి 2 మీటర్లు. వెనక యాక్సిల్ మీద పడేది 60 × 5.5 ÷ 3.5, అంటే దాదాపు 94 కిలోలు. ముందు యాక్సిల్ మీద 34 కిలోలు తగ్గుతుంది. ముందు చక్రాలతో లాగే బండైతే తడి గడ్డిలో చక్రాలు గిరగిరా తిరిగి బండి కదలకపోవడానికి సగం కారణం ఇదే. మొత్తం బరువు 3,500 లోపే ఉన్నా వెనక యాక్సిల్ హద్దు దాటి ఉండొచ్చు.

అందుకే వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) మీద మూడు తూకాలు వేయించాలి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. ట్యాంకులు నింపి, గ్యాస్ పెట్టి, మనుషులెక్కాక వేయించండి. ఖాళీ బండి తూకం వేసి సంబరపడటం దండగ.

కాగితాల మీద హద్దుని 3,650కో 3,850కో పెంచుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. కొన్ని బండ్లకి అది కుదురుతుంది. కానీ లైసెన్సు కూడా దానికి సరిపోవాలి. పెద్ద బండి లైసెన్సుకి వయసు మళ్లాక వైద్య పరీక్ష అడిగే దేశాలున్నాయి. అరవై దాటి కొంటున్నవాళ్లు పదేళ్ల తర్వాతి సంగతి కూడా చూసుకోవాలి.

అపోహ: ఎంత పొట్టి బండైతే అంత సుఖం

ఇరుకు దారిలో ఇబ్బంది పెట్టేది పొడవు కంటే వెడల్పు. ఫియట్ డుకాటో లాంటి రేకు వ్యాన్‌ని లోపల ఇల్లులా మార్చిన బండి అద్దాలు కాకుండా 2.05 మీటర్లుంటుంది. విడిగా బాడీ కట్టినవి 2.2 నుంచి 2.3. ఆ 20 సెంటీమీటర్ల తేడా ఎదురుగా లారీ వచ్చినప్పుడు తెలుస్తుంది.

పొడవు సంగతంటారా, ఇల్లులా మార్చే డుకాటో వ్యాన్లు ఎక్కువగా 5.41, 5.99, 6.36 మీటర్లలో వస్తాయి. 5 మీటర్ల కారు పార్కింగ్ గడిలో ఈ మూడూ పట్టవు, కొంతో ఎంతో తోక బయటే ఉంటుంది. అలాంటప్పుడు 5.41 కోసం బీరువానో వంటగట్టునో వదులుకోవడంలో అర్థం లేదు. ఇద్దరికి, అప్పుడప్పుడు నలుగురికి, మా మొగ్గు 5.99కే. ఒక మినహాయింపు ఉంది. వ్యాన్‌లో అడ్డంగా వేసే మంచం పొడవు సుమారు 1.9 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇద్దరిలో ఒకరు 1.85 దాటి ఎత్తుంటే 6.36లో నిలువుగా వేసిన రెండు విడి మంచాలే మేలు.

అపోహ: మనవలొస్తారు కాబట్టి బంకులు (ఒకదానిమీద ఒకటి ఉండే పడకలు) ఉన్న బండే కొనాలి

ఏడాదిలో పిల్లలొచ్చే రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ మీరిద్దరే. కాబట్టి ముందు మీ మంచం చూసుకోండి. అడ్డంగా ఉన్న మంచంలో లోపలివైపు పడుకున్నవాళ్లు రాత్రి బాత్రూంకి వెళ్లాలంటే పక్కవాళ్ల కాళ్లమీదుగా పాకాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదో శిక్ష. నిలువుగా ఉన్న రెండు మంచాలైతే ఎవరిదారిన వాళ్లు దిగొచ్చు. మంచం మీద లేచి కూర్చుంటే తల తగలకుండా 90 సెంటీమీటర్లు ఉండాలి. షోరూములో చెప్పులు విడిచి, ఇద్దరూ పడుకుని, లోపలివాళ్లు చీకట్లో లేచినట్టు లేచి బాత్రూం దాకా వెళ్లి రండి. మొహమాటపడొద్దు. అమ్మేవాళ్లకిది అలవాటే.

పిల్లల పడకకి దారులు చాలా ఉన్నాయి. టేబుల్ కిందికి దించి బెంచితో కలిపే పడక చవక, కాని మెత్తలన్నీ ఏ వరసలో పెట్టాలో రోజూ కుస్తీ. అతుకుల దగ్గర సందులుంటే నిద్ర పట్టదు. పైకి లేచే కప్పులో పడక పదేళ్ల పిల్లలకి పండగే, కాని చుట్టూ గుడ్డే కాబట్టి చలికీ గాలిమోతకీ అడ్డు తక్కువ. సీలింగ్ నుంచి దిగే మంచం సౌకర్యమే, అయితే అది దిగిందంటే కింద కూర్చునే చోటు పోతుంది. పిల్లలు ఎనిమిదింటికి పడుకుంటే తాతయ్య, అమ్మమ్మ కూడా ఎనిమిదింటికే దీపాలార్పేసుకుని మంచమెక్కాల్సిందే. అందుకే వెనక స్థిరమైన మంచం, మధ్యలో తెరో తలుపో, ముందు పిల్లల పడక, ఈ అమరిక బాగా నడుస్తుంది.

ఎత్తులో ఉండే ఏ పడకైనా ఆరేళ్లలోపు పిల్లలకి వద్దు. ఆపైన వయసు వాళ్లకీ అడ్డుగోడో వలో కట్టాల్సిందే. ప్రతి పడకకీ ఎన్ని కిలోలు మోస్తుందో హద్దు రాసి ఉంటుంది, చదవండి. ముందు సీట్ల మీద వేసే చిన్న పడక పొడవు కొలవండి. ఇప్పుడు ఆరేళ్ల పిల్లకి సరిపోయేది ఇంకో నాలుగైదేళ్లలో చాలదు. అప్పటికి బండి పక్కనే చిన్న టెంటు వేసిస్తే వాళ్లే అందులోకి పారిపోతారు. దానికోసం పెద్ద బండి కొననక్కర్లేదు.

అపోహ: నీళ్లుంటే చాలు, బాత్రూం ఎంతైతేనేం

ముందు నిండేది టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండి, తీసి పారబోసుకునే డబ్బా. 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు, నలుగురికి ఒకటిన్నర రోజు. రెండో క్యాసెట్ కొని పెట్టుకోవడం తెలివైన ఖర్చు. వేడినీళ్ల బాయిలర్ సాధారణంగా 10 లీటర్లే. 60 డిగ్రీల నీటిని 15 డిగ్రీల నీటితో కలిపి 38కి తెస్తే దాదాపు 20 లీటర్లొస్తాయి. ఒకరు స్నానం చేశాక రెండోవాళ్లు ఆగాలి.

చలికాలంలో కొత్తవాళ్లని కంగారు పెట్టేది ఇంకోటి. ట్రూమా కంపెనీ బాయిలర్‌తో వచ్చే గడ్డకట్టకుండా కాపాడే వాల్వు, చుట్టూ సుమారు 3 డిగ్రీలకి పడిపోగానే తెరుచుకుని నీళ్లన్నీ బయటికి వదిలేస్తుంది. 7 డిగ్రీలు దాటేదాకా మళ్లీ చేత్తో మూయడానికీ కుదరదు. లీకేజీ అనుకుని మెకానిక్‌ని పిలుస్తారు. ముందు హీటర్ వేసి లోపల వెచ్చబడ్డాక వాల్వు మూసి, తర్వాత నీళ్లు నింపాలి. వాల్వు ఏ బెంచి కింద ఉందో బండి తీసుకునే రోజే చూపించమనండి.

అపోహ: తక్కువ తిరిగిన పాత బండి కళ్లు మూసుకుని కొనొచ్చు

మోటర్‌హోమ్‌ని తినేది కిలోమీటర్లు కాదు, తడి. విడిగా కట్టిన బాడీలో గోడలోపలి చెక్క ఫ్రేము నానిపోతే బయటికి ఏమీ కనిపించదు. తేమ మీటరు పెట్టి రూఫ్ కిటికీల చుట్టూ, కిటికీ మూలలు, వెనక లైట్ల లోపలివైపు, ఆనింగ్ బిగించిన పట్టీ వెంబడి, షవర్ పక్కన నేల చూడాలి. 15 శాతం లోపుంటే ఫర్వాలేదు. 15 నుంచి 20 అయితే కారణం కనుక్కోవాలి. 20 దాటితే మరమ్మతు బేరమే. రేకు వ్యాన్లకి ఈ బెడద తక్కువ. కిటికీల కోసం కోసిన రేకు అంచుల దగ్గర తుప్పు మాత్రం చూడండి. కొత్త వాల్‌పేపర్ ఒక మూలలోనే అతికించి కనిపిస్తే, అక్కడే మీటరు పెట్టండి.

టైర్ల మీది గాడులు కొత్తగా ఉన్నాయని మురిసిపోకండి. ఈ బండ్లకి టైర్లు అరక్కముందే ఎండి పగులుతాయి. పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల దగ్గరున్న చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇంజన్లోని టైమింగ్ బెల్టుకి కూడా కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువుంటుంది. గ్యాస్ పైపు మీద అచ్చైన తేదీ చూడటం అన్నింటికంటే తేలిక, చాలామంది వదిలేసేదీ అదే.