పిల్లల్ని, ఇంట్లో వాళ్ళని చూసుకునేవాళ్ళని ఆరోగ్య పరిశోధనలో కలుపుకోవడం: అపోహలు - వాస్తవాలు

పిల్లల జబ్బుల మీద జరిగే పరిశోధనల్లో కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఫారాలు తయారుచేయడం, కుటుంబాలతో మాట్లాడటం, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో తెలుసుకోవడం నా పని. వాళ్ళు చెప్పే కారణాల్లో చాలావరకు, మొదట్లోనే వాళ్ళని అడిగి ఉంటే మాకు తెలిసిపోయేవే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లల్ని పరిశోధనలో కలుపుకోవడమంటే వాళ్ళ మీద మందులు పరీక్షించడమే.

వాస్తవం: ఈ రెండూ వేరు. ట్రయల్‌లో, అంటే మందు పనిచేస్తుందో లేదో మనుషులకి ఇచ్చి చూసే పరిశోధనలో, చేరిన పిల్లలకి మందు ఇస్తారు, రక్తం తీస్తారు. నేను చెప్తున్నది వాళ్ళని సలహాదారులుగా కూర్చోబెట్టుకోవడం గురించి. ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలి, ఎన్నిసార్లు ఆసుపత్రికి రమ్మనాలి, ఫారంలో ఏ మాట అర్థం కావడం లేదు, ఏం మారితే ‘నయమైంది’ అనాలి... ఇవన్నీ ఆ జబ్బుతో రోజూ బతుకుతున్న పిల్లలు, వాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్ళు చెప్పగలరు. దీనికి సూదితో పనిలేదు.

ట్రయల్స్ నుంచి పిల్లల్ని పూర్తిగా దూరం పెడితే క్షేమం అనుకోవడం కూడా పొరపాటే. 1950ల్లో పుట్టిన కొద్ది రోజుల పిల్లలకి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చేవారు. కొందరికి పొట్ట ఉబ్బి, ఒళ్ళు బూడిదరంగుకి తిరిగి, ప్రాణం పోయింది. కారణం ఆ మందేనని 1959లో వైద్యులు రాశారు. దాన్ని మార్చి బయటికి పంపే శక్తి అంత పసి కాలేయానికి ఇంకా రాదు. పెద్దల డోసుని బరువు లెక్కన తగ్గించి ఇస్తే సరిపోదని అంత మూల్యం చెల్లించాక తెలిసింది.

అపోహ: చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది?

వాస్తవం: నొప్పి ఎంత ఉందో చెప్పడానికి ముఖాల బొమ్మలున్న కాగితం ఒకటి వాడేవాళ్ళం. మొదటి ముఖం నవ్వుతుంటుంది, చివరిదానికి కళ్ళలో నీళ్ళు. కీళ్ళవాపు ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడి చేతికి ఇచ్చాను. పెన్సిల్ చివరి ముఖం దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. “చాలా నొప్పిగానే ఉంది మేడమ్, కానీ నేను ఏడవట్లేదు కదా. మరి ఇది ఎట్లా పెట్టాలి?” అన్నాడు. అంతకుముందు ఎంతమంది పిల్లలు ఏడుపు ముఖాన్ని వదిలేసి పక్కదాని మీద టిక్కు పెట్టారో, ఎంత నొప్పిని మేం తక్కువగా రాసుకున్నామో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఈ ఇబ్బంది లేని కొలత అప్పటికే ఉంది. 2001లో వచ్చిన సవరించిన ముఖాల కొలతలో ఆరు ముఖాలుంటాయి, ఒక్కదానికీ నవ్వు లేదు, కన్నీళ్ళు లేవు. ఇప్పుడు అదే వాడుతున్నాం. మొదట ఏది వాడాలో పెద్దవాళ్ళమే మీటింగ్‌లో తేల్చుకున్నాం. పిల్లల చేత ఒక్కసారి పెట్టించి చూసుంటే మొదటిరోజే తెలిసేది.

వయసుని బట్టి అడిగే తీరు మారాలి, అంతే. ఆరేళ్ళవాళ్ళు బొమ్మ గీసి చూపిస్తారు. పద్నాలుగేళ్ళవాళ్ళు ఫారం చదివి తప్పులు పట్టుకుంటారు.

అపోహ: అమ్మానాన్నలు చెప్తే పిల్లలు చెప్పినట్టే.

వాస్తవం: నడక, జ్వరం, తిండి లాంటి కంటికి కనిపించే వాటిలో ఇద్దరి మాటా దగ్గరగానే ఉంటుంది. భయం, దిగులు, స్నేహితుల మధ్య సిగ్గు దగ్గరికి వచ్చేసరికి దూరం పెరుగుతుంది. ఇద్దరినీ విడివిడిగా అడగాలి. మాట్లాడలేని బిడ్డ విషయంలో మాత్రం తల్లి మాటే మనకున్న సాక్ష్యం, దానికి ఆ విలువ ఇవ్వాలి.

అపోహ: పెద్దవాళ్ళు సంతకం పెట్టాక పిల్లలు వద్దన్నా లెక్కలేదు.

వాస్తవం: లెక్క ఉంది. ప్రపంచ వైద్య సంఘం 1964లో మొదట ఆమోదించిన హెల్సింకీ ప్రకటనలో ఇప్పుడు ఈ మాట స్పష్టంగా ఉంది: చెప్పగలిగే స్థితిలో ఉంటే పిల్లల అంగీకారం కూడా అడగాలి, కాదంటే గౌరవించాలి. చెయ్యి వెనక్కి లాక్కోవడం కూడా కాదనడమే.

అపోహ: ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఇలాంటి వాటి మీద ఆసక్తి ఉండదు, పిలిచినా రారు.

వాస్తవం: పనిరోజున పదకొండు గంటలకి మీటింగ్ పెడితే ఎలా వస్తారు? ఆ సమయంలో బిడ్డకి ట్యూబ్ ద్వారా ఆహారం పెట్టాలి, మందు వేయాలి. వాళ్ళు వచ్చినంతసేపు బిడ్డని చూసుకునే మనిషికి డబ్బు మేమివ్వాలి, లేదా రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో మాట్లాడాలి. వాళ్ళ సమయానికి కూడా డబ్బివ్వాలి. సలహా ఇచ్చినందుకు ఇచ్చేది లంచం కాదు. అదే గదిలో మిగతా అందరం జీతం తీసుకుంటూనే కూర్చున్నాం.

మా ఫారంలో ‘రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?’ అని ఉండేది. ఒకావిడ ‘ఏడు’ అని రాసి, కాగితం నా ముందు పెట్టి, “గంటలు అడిగారు కాబట్టి ఏడు రాశాను. ఎన్నిసార్లు లేచానో అడగలేదు మీరు. ఐదుసార్లు లేచాను” అంది. మా లెక్కలో ఆవిడ సుఖంగా నిద్రపోయిన మనిషి. ఆ ప్రశ్న మార్చాం. దాని కింద కొత్తగా ఇంకోటి కూడా చేర్చాం: ‘మీరు లేవలేని రోజున ఎవరు లేస్తారు?’ చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

అపోహ: అంతా తయారయ్యాక ఒకసారి చూపిస్తే చాలు.

వాస్తవం: పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపిస్తూ రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాశారు. కింది మూడు మెట్లు, అంటే వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకి పిలవడం, భాగస్వామ్యమే కాదన్నారు. ప్రింటైన ఫారం చూపించి “బాగుందా?” అని అడగడం ఆ మూడో మెట్టే.

ఇప్పుడు ప్రొటోకాల్, అంటే పరిశోధన ఎలా చేయాలో చెప్పే పత్రం, రాయకముందే పిల్లలతో, ఇంటివాళ్ళతో కూర్చుంటున్నాం. తర్వాత అందరికీ ఒక పేజీ పంపిస్తాం: మీరు చెప్పినవాటిలో ఏవి మార్చాం, ఏవి మార్చలేకపోయాం, ఎందుకు. పోయినసారి పన్నెండేళ్ళ అమ్మాయి ఆ పేజీ చేత్తో పట్టుకునే వచ్చింది. ‘మార్చలేకపోయినవి’ కింద ఒక వరుసకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. రెండుసార్లు తీసే రక్తాన్ని ఒకేసారి ఎందుకు తీయలేరని మళ్ళీ అడిగింది. ల్యాబ్ వాళ్ళకి మళ్ళీ రాశాం, జవాబు కోసం చూస్తున్నాం.