కోసినా ఊపిరి ఆగని ఆకు

తెల్లారి ఐదున్నరకి విజయనగరం రైతు బజారుకి వెళితే తోటకూర కట్టల మీద తడి ఇంకా ఆరి ఉండదు. నేను ఎప్పుడూ ఆకుకూర కొనే మామ్మ నెల్లిమర్ల వైపు నుంచి ఆటోలో వస్తుంది. మొన్న ఆమె గోనె విప్పుతుంటే సాయం పట్టి, చెయ్యి లోపలికి పెట్టాను. పై కట్టలు చల్లగా ఉన్నాయి. నడిమధ్యవి మాత్రం జ్వరం వచ్చిన పిల్లాడి నుదురంత వెచ్చగా తగిలాయి. "మూసి పెడితే ఆకు ఉడికిపోతాది బాబూ, బేగి ఇప్పీయాల" అంది మామ్మ.

ఆమె అన్నది అక్షరాలా నిజం. మొక్క నుంచి వేరైనంత మాత్రాన ఆకు చచ్చిపోదు. అందులోని కణాలు ఊపిరి తీస్తూనే ఉంటాయి. దాచుకున్న చక్కెరను ఆక్సిజన్‌తో కరిగించి కార్బన్ డయాక్సైడ్, నీరు, వేడి వదులుతాయి. పొలంలో ఉండగా ఎండ వల్ల చక్కెర తయారయ్యేది, వేరు నుంచి నీరు అందేది. కోతతో ఆ రాబడి ఆగిపోయింది, ఖర్చు మాత్రం సాగుతూనే ఉంది. పైగా వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెండు మూడు రెట్లవుతుంది. గోనెలో పుట్టిన వేడి బయటికి పోక శ్వాసను పెంచుతుంది, పెరిగిన శ్వాస ఇంకా వేడి పుట్టిస్తుంది.

అందుకే కూరగాయ ఎంత దూరం నుంచి వచ్చిందో కిలోమీటర్లలో లెక్కేస్తే నాకు తృప్తిగా ఉండదు. ఎన్ని గంటలు, ఎంత వేడిలో ప్రయాణించిందో చూడాలి. స్వీట్ కార్న్ పొత్తును 30 డిగ్రీల దగ్గర వదిలేస్తే ఒక్క రోజులో సగానికి పైగా తీపి పోతుంది. కొంత చక్కెర శ్వాసకి ఖర్చవుతుంది, మిగతాది పిండిపదార్థంగా మారిపోతుంది. ఆకుకూరల్లో విటమిన్ సి కూడా అంతే, ఆకు వాడిపోయేకొద్దీ తరిగిపోతుంది.

1999 జనవరిలో రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు, దళారి లేకుండా రైతుకి ధర దక్కాలన్నది ఉద్దేశం. దాంతోపాటు కూరగాయకి కొన్ని గంటల ఆయుష్షు కూడా కలిసొచ్చిందని నాకనిపిస్తుంది. దగ్గర పంట తింటే లారీ పొగ తగ్గి భూమి చల్లబడుతుందని కొందరంటారు. ఆ వాదన మీద నాకంత నమ్మకం లేదు. తిండి వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో రవాణా వాటా చిన్నదే, పొలంలోనూ పశువుల దగ్గరా పుట్టేదే ఎక్కువ. నేను వెళ్ళేది రుచి కోసం, ఆ మామ్మ చేతికి నేరుగా డబ్బు అందడం కోసం.

ఆమె చీకటితోనే ఎందుకు కోస్తుందో కూడా చెప్పుకోవాలి. ఆకులో నూటికి 85–90 పాళ్ళు నీరే. రాత్రి ఆకు రంధ్రాలు చాలావరకు మూసుకుని ఉంటాయి కాబట్టి, వేరు తాగిన నీటితో తెల్లారేసరికి కణాలన్నీ నిండి బిగిసి ఉంటాయి. కాడ విరిస్తే టప్పున విరుగుతుంది. ఎండెక్కాక కోసినదైతే వంగుతుంది. తర్వాత దాని మీద తడి గోనె కప్పడంలో పెద్ద కిటుకే ఉంది. ఒక్క గ్రాము నీరు ఆవిరవుతూ దాదాపు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఉక్కపోత రోజు మాత్రం గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఈ కిటుకు సరిగా పారదు. శ్రావణంలో తోటకూర తొమ్మిదింటికే వాడిపోవడం చూశాను.

మరి అన్నీ ఫ్రిజ్‌లో తోసేస్తే సరిపోతుందా? వంకాయకి 10 డిగ్రీల లోపు చలి పడదు. తొక్క మీద గుంటలు పడతాయి, లోపల గింజలు నల్లబడతాయి. టమాటా సంగతి 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. 5 డిగ్రీల్లో వారం ఉంచితే వాసననిచ్చే పదార్థాలు తయారుచేసే జన్యువులు మందగిస్తాయి, బయటికి తీశాక కూడా ఆ వాసన పూర్తిగా తిరిగి రాదు. పండిన టమాటాలను రెండు రోజులకి సరిపడా కొని గట్టు మీద పెట్టుకుంటే చాలు. తాతగారింట్లో బూడిద గుమ్మడికాయ దూలానికి నెలల తరబడి వేలాడేది. దాని మీది బూడిద నిజానికి మైనం, లోపలి నీటిని బయటికి పోనివ్వదు.

మామ్మ బుట్టలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గోగుకూర. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగును నార కోసం పొలాలకు పొలాలే వేసేవారు. ఆమదాలవలస పరిశోధన కేంద్రం దీని కోసమే కొత్త రకాలు తయారుచేసింది. లేతగా ఉండగా ఆకు పచ్చట్లోకి, పప్పులోకి వస్తుంది. ముదిరాక కాండాలను కోసి చెరువులో నానేస్తారు. నారపోగులను అంటిపెట్టుకుని ఉన్న జిగురును బాక్టీరియా తినేస్తే నార విడివడుతుంది. సాయంత్రానికి వాడిపోయే ఆ ఆకు మొక్కే, మా ఇంటి నులకమంచానికి తాడై ఇరవై ఏళ్ళు నిలిచింది. ఎండిన నారలో ఊపిరి తీసే కణం ఒక్కటీ ఉండదు మరి.