ఒక్క లాగినే ఇస్తే కోర్సు భద్రమా?

విజయవాడ, గుంటూరుల్లో ఆన్‌లైన్ కోర్సులు అమ్మే కోచింగ్ సెంటర్లకు సైట్లు చేసిపెడుతుంటాను. ఒకడు కొంటే పదిమంది చూస్తున్నారన్న టెన్షన్ అందరికీ ఉంది, ఉండాల్సిందే, గొంతు పోయేదాకా చెప్పి రికార్డు చేసిన క్లాసులవి. కానీ దానికి అందరూ అడిగే మందే రోగం కంటే ప్రమాదం.

అపోహ: ఒకరు లాగిన్‌లో ఉండగా రెండో లాగిన్‌ని రానివ్వకపోతే చాలు.

వాస్తవం: బ్రౌజర్ మూసేస్తే లాగౌట్ అయినట్టు కాదండీ, మూసిన సంగతి సర్వర్‌కి తెలియను కూడా తెలియదు. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా లాగిన్ అయితే ఆ సెషన్, అంటే మీరు లోపలే ఉన్నారని సర్వర్ రాసుకున్న లెక్క, 2 రోజులు, 'రిమెంబర్ మీ' టిక్ పెడితే 14 రోజులు బతికే ఉంటుంది. బ్రాడీపేటలో ఒక సెంటర్ వాళ్లు వద్దన్నా వినకుండా ఇదే పెట్టించుకున్నారు. పరీక్ష ముందు రోజు రాత్రి ఒకమ్మాయి ఫోన్ కిందపడి స్క్రీన్ పోయింది, వాళ్లన్నయ్య ఫోన్‌లో లాగిన్ అవుదామంటే 'మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారు' అని రావడం, పాత ఫోన్‌లో లాగౌట్ కొడదామంటే అందులో ఏమీ కనపడకపోవడం. "సార్, నేనెవరికీ పాస్‌వర్డ్ ఇవ్వలేదండీ" అని ఒకటే ఏడుపు. అడ్మిన్‌లోకి వెళ్లి ఆ సెషన్ తీసేశాను, నిమిషం పని. డబ్బు కట్టిన పిల్ల దొంగలా సంజాయిషీ చెప్పుకోవడమేంటి?

కొత్త లాగిన్‌ని రానిచ్చి పాతదాన్ని తీసేయండి. పాస్‌వర్డ్ పంచుకున్నవాళ్లు ఒకరినొకరు బయటికి నెట్టుకుని వాళ్లే విసిగిపోతారు, అసలు స్టూడెంట్‌కి ఏ అడ్డూ ఉండదు. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడేవాళ్ల కోసం 2 సెషన్లు ఇవ్వండి.

అపోహ: ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు) చూసి పాస్‌వర్డ్ పంచుకునేవాళ్లని పట్టేయొచ్చు. పట్టలేరు. హాస్టల్ వైఫైలో ఉన్న అందరూ బయటికి ఒకే ఐపీతో కనపడతారు, అదే పిల్లాడు బస్సెక్కి మొబైల్ డేటాకి మారితే వేరే ఐపీ.

అపోహ: లాగిన్లు తగ్గిస్తే స్క్రీన్ రికార్డింగ్ ఆగుతుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. వీడియో మీద స్టూడెంట్ నంబరు వాటర్‌మార్క్‌గా వేయండి, పంచేముందు ఆలోచిస్తారు.

ఇక వేరే ఫోన్‌లో లాగిన్ అయితే కట్టిన డబ్బులు పోతాయని వాట్సాప్‌లో తిప్పే మెసేజ్‌లు దయచేసి ఆపండి. సెషన్ తెగితే సబ్‌స్క్రిప్షన్ పోదు, మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. మీరింకెక్కడా లాగిన్ అవ్వకుండానే మాటిమాటికీ బయటికి తోసేస్తుంటే మాత్రం మీ పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో ఉందేమో, వెంటనే మార్చేయండి.