హెచ్‌ఐవీ పరీక్షకు వెనకాడటం వెనక పదమూడేళ్ల కథ

అనంతపురం ప్రాంతంలో హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాలు, ముఖ్యంగా సెక్స్ వర్కర్లు, పరీక్షలకు ముందుకు రావడం లేదన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఆరు నెలలకోసారి పరీక్ష జరగాలి, లక్ష్యం చేరడం లేదన్నది అధికారుల బాధ. కరవు, వలసలు, కదిరి వైపు నుంచి మహానగరాలకు సాగిన మహిళల అక్రమ రవాణా అందరికీ తెలిసినవే. ఎవరూ ఎత్తనిది మందుల సంగతి.

దేశంలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. కానీ పాజిటివ్ అని తేలగానే ఇచ్చేవారు కాదు. జబ్బు ముదిరితే తప్ప, రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు (మైక్రోలీటరు రక్తంలో) మొదట్లో 200 కంటే, ఆ తర్వాత 350 కంటే తగ్గేదాకా ఆగాల్సిందే. ఒంట్లో బాగున్నప్పుడే ధైర్యం చేసి పరీక్షకు వచ్చిన మనిషికి దక్కేది ఒక రిపోర్టు, రిజిస్టర్లో ఒక పేరు. ఆ కబురు బయటికి పొక్కితే అద్దె గది పోతుంది, కూలికి పిలిచేవాళ్లుండరు. 2017 ఏప్రిల్‌లో ఈ షరతు ఎత్తేశారు. ఇప్పుడు పాజిటివ్ వస్తే సీడీ4 ఎంతున్నా మందులిస్తారు. అసలు మలుపు ఇదే. అయినా పదమూడేళ్ల అనుభవం ఒక్క ఉత్తర్వుతో చెరిగిపోదు. ‘ముందే తెలిస్తే ఒరిగేదేమిటి’ అని అడిగే మహిళను అజ్ఞాని అనడం అన్యాయం.

వేలికొసన గుచ్చి, రక్తపు చుక్కను కిట్‌పై వేసి గీతలు చూసే పరీక్ష పట్టేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలనే. వైరస్ సోకాక అవి బయటపడటానికి మూడు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. రక్తంలో వైరస్ ఉద్ధృతంగా ఉండేదీ, ఇతరులకు తేలికగా సోకేదీ ఆ తొలి వారాల్లోనే. వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వెతికే ల్యాబ్ పరీక్ష మరింత ముందే పట్టగలదు. అయితే అది ఎవరికి అవసరమో తెలియాలంటే ‘పోయిన నెల కండోమ్ చిరిగింది, తర్వాత జ్వరం వచ్చింది’ అని ఆ మహిళే నోరు విప్పాలి. 2007లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశ సుమారు 60 మంది సెక్స్ వర్కర్లకు ఒకరి చొప్పున, వారిలోంచే పీర్ ఎడ్యుకేటర్లను, అంటే తోటివారికి తెలియజెప్పేవారిని, పెట్టింది ఇలాంటి మాటల కోసమే. ఇప్పుడు వాళ్లనే లక్ష్యాల లెక్కలకు పరుగులు పెట్టిస్తే ఆ మాట ఎవరితో చెప్పుకుంటారు?

పేరు, ఫోను నంబరు లేకుండా మందులు ఆగకుండా అందించడం కష్టమని అధికారులంటారు. నిజమే. కానీ 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, అన్నీ వివరించి సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలి. ఆ వివరాలు బయటికి పొక్కకుండా కాపాడాల్సిన బాధ్యత కూడా వాటిని రాసుకున్నవారిదే.