కిఫిన్ వెళ్లింది 2025లో, తలుపు మూసుకుంది 2022లో

2026 సెప్టెంబరు 19న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మిసిసిపీ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌కి ఆడటానికి వస్తోంది. ఆ జట్టు కోచ్ లేన్ కిఫిన్. అంతకుముందు ఆరు సీజన్లు ఇదే ఆక్స్‌ఫర్డ్‌లో ఓల్ మిస్‌కి, అంటే మిసిసిపీ యూనివర్సిటీ జట్టుకి, కోచ్‌గా ఉన్నాడు. ఆ తేదీ క్యాలెండర్‌లో పడటంతో పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. జట్టును ప్లేఆఫ్స్ (జాతీయ ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ ఆటలు) దాకా తెచ్చిన కోచ్‌ని, పక్క జట్టుకి వెళ్తున్నాడని ఆ ప్లేఆఫ్స్‌లో కోచింగ్ చేయనివ్వకపోవడం న్యాయమేనా? నేను ఓల్ మిస్ వైపు మనిషిని. ఆ సంగతి దాచి రాయడం నాకు ఇష్టం లేదు.

కిఫిన్ 2010లో ఒక్క సీజన్‌కే టెనెసీ యూనివర్సిటీ జట్టుని వదిలేయడం, 2013లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు ఎయిర్‌పోర్ట్‌లోనే ఆయన ఉద్యోగం పీకేయడం అందరికీ తెలిసినవే. వాటితో కిఫిన్ ఎలాంటివాడో తెలుస్తుందేమో గానీ, ఓల్ మిస్ అంత గట్టిగా ఎందుకు నిలబడిందో తెలియదు. అది తెలియాలంటే 2022 నవంబరుకి వెళ్లాలి.

ఆ ఏడాది ఓల్ మిస్ మొదటి 9 ఆటల్లో 8 గెలిచింది. అక్టోబరు 31న అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీ తన కోచ్‌ని తీసేసింది. అప్పటి నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, కిఫిన్ ఆబర్న్‌కి వెళ్తాడా అని. అలబామా చేతిలో ఓడాం. ఆర్కాన్సా చేతిలో 42-27తో చిత్తుగా ఓడాం. మిసిసిపీ స్టేట్‌తో ఏటా జరిగే ఎగ్ బౌల్‌కి మూడు రోజుల ముందు, కిఫిన్ శుక్రవారం రాజీనామా చేస్తాడని ఒక టీవీ రిపోర్టర్ చెప్పేశాడు. కిఫిన్ ట్విట్టర్‌లో ఆ రిపోర్టర్ మీద జోకులు వేశాడు. వెళ్లడం లేదని జట్టుకి గట్టిగా చెప్పాల్సిన వారంలో జరిగింది అది. గురువారం రాత్రి సొంత మైదానంలో ఆట. ఇంకా నిమిషంన్నర లోపే ఉందనగా టచ్‌డౌన్ చేసి, స్కోరు సమం చేసే రెండు పాయింట్ల కోసం పాస్ వేస్తే అది దక్కలేదు. 24-22. ఆ తర్వాత సీజన్ చివర ఆడే బౌల్ ఆట కూడా పోయింది. 8 గెలుపులు, 1 ఓటమితో ఉన్న జట్టు 8-5తో ముగించింది.

చివరికి కిఫిన్ వెళ్లలేదు. జీతం పెరిగింది, కొత్త కాంట్రాక్టు వచ్చింది. కానీ గోడ మీద పిల్లిలా ఉన్న కోచ్ వల్ల లాకర్ రూమ్‌కి ఏమవుతుందో ఆ నాలుగు వారాలూ అథ్లెటిక్ డైరెక్టర్ కీత్ కార్టర్ కళ్లారా చూశాడు. 2025లో ఆయన తీసుకున్న నిర్ణయానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆక్స్‌ఫర్డ్‌కి ఈ దెబ్బ కొత్త కూడా కాదు. 1998లో అప్పటి ఓల్ మిస్ కోచ్ టామీ టుబర్‌విల్, తర్వాత అలబామా సెనేటర్ అయినవాడు, ఇక్కణ్నుంచి నన్ను శవపేటికలోనే తీసుకెళ్లాలి అన్నట్టు మాట్లాడి, కొన్ని రోజులకే ఆబర్న్‌కి వెళ్లిపోయాడు. అప్పుడు డేవిడ్ కట్‌క్లిఫ్ కోచ్‌గా వచ్చి ఇండిపెండెన్స్ బౌల్‌లో టెక్సస్ టెక్‌ని 35-18తో ఓడించాడు. కోచ్ వెళ్లిపోయినంత మాత్రాన జట్టు చచ్చిపోదని ఊరికి అప్పుడే తెలిసింది.

ఇక 2025. సెప్టెంబరు 27న ఆక్స్‌ఫర్డ్‌లో ఎల్‌ఎస్‌యూని 24-19తో ఓడించింది కిఫిన్ జట్టే. నెల తిరిగేసరికి, అక్టోబరు 26న, ఎల్‌ఎస్‌యూ తన కోచ్ బ్రయన్ కెల్లీని తీసేసింది. ఫ్లోరిడా యూనివర్సిటీ అప్పటికే తన కోచ్‌ని సాగనంపింది. రెండు పెద్ద కుర్చీలు ఖాళీ, రెంటికీ ఒకటే పేరు. నవంబరులో కిఫిన్ కుటుంబం ఫ్లోరిడా జట్టు ఊరు గెయిన్స్‌విల్, ఎల్‌ఎస్‌యూ ఊరు బేటన్ రూజ్ రెండూ చూసొచ్చింది. ఎగ్ బౌల్ అయిన మర్నాడు నిర్ణయం చెబుతామని కార్టర్ ముందే ప్రకటించాడు. 2022లో లేని గడువు 2025లో ఉందంటే, పాఠం నేర్చుకున్నారనే కదా! ఈసారి ఆట 38-19తో గెలిచాం. 11-1. రెగ్యులర్ సీజన్‌లో 11 గెలుపులు ఓల్ మిస్ చరిత్రలో అదే మొదటిసారి.

నవంబరు 30 ఆదివారం కిఫిన్ ఎల్‌ఎస్‌యూకి ఒప్పుకున్నాడు. ఏడేళ్లు, ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్లు. మిసిసిపీ చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ నాలుగేళ్లకు మించి కాంట్రాక్టు ఇవ్వకూడదు. ఆ ఒక్క విషయంలో మేం మొదటి నుంచీ వెనకే. ఆ మధ్యాహ్నం ఊళ్లోని చిన్న ఎయిర్‌పోర్ట్ కంచె దగ్గర జనం పోగయ్యారు. విమానం కదులుతుంటే ఇనుప కంచె పట్టుకుని అరిచారు, కొందరు చేతులతో చేయకూడని సైగలు చేశారు. అది నాకు నచ్చలేదు. కానీ ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం తెలుసు.

ప్లేఆఫ్స్ పూర్తిచేసి వెళ్లాలనుకున్నాననీ, ఆటగాళ్లు కూడా అదే అడిగారనీ, కార్టర్ కాదన్నాడనీ కిఫిన్ ప్రకటనలో రాశాడు. ఆ మాటలు జరిగిన గదిలో ఉన్న ఆటగాళ్లలో కొందరు అది నిజం కాదని బహిరంగంగానే చెప్పారు.

ఎల్‌ఎస్‌యూ వాళ్లు చూపించే ఉదాహరణ ట్యులేన్ యూనివర్సిటీ. ఆ జట్టు కోచ్ జాన్ సమ్రాల్ అదే ఆదివారం ఫ్లోరిడాకి ఒప్పుకున్నాడు. ట్యులేన్ ఆయన్ని ప్లేఆఫ్స్‌లో ఉండనిచ్చింది. డిసెంబరు 20న మా మైదానంలోనే, మాకు ఎదురుగా నిలబడి ఆయన కోచింగ్ చేశాడు. పోలిక బాగానే ఉంది గానీ, ట్యులేన్, ఫ్లోరిడా ఒకే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే జట్ల గుంపు) లేవు. ఎల్‌ఎస్‌యూ మాతో ఏటా తలపడుతుంది, అవే హైస్కూళ్లలో అవే పిల్లల కోసం తిరుగుతుంది. కొత్త పిల్లలు సంతకాలు చేసే రోజు ఆ ఏడాది డిసెంబరు 3. ఆటగాళ్లు వేరే జట్టుకి మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ జనవరి 2న తెరుచుకుంది. ఈ మధ్యకాలమంతా పక్క జట్టు కోచ్ మన లాకర్ రూమ్‌లో కూర్చుని, మన ఆటగాళ్లతో రోజూ మాట్లాడుతుంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఒక మాట ఒప్పుకోవాలి. కిఫిన్ వెంట ఎల్‌ఎస్‌యూకి వెళ్లిన సహాయ కోచ్‌లలో కొందరిని, అఫెన్స్ (పాయింట్లు చేసే దళం) నడిపే చార్లీ వైస్ జూనియర్‌తో సహా, ప్లేఆఫ్స్ కోసం ఓల్ మిస్ తిరిగి రానిచ్చింది. ఇది మా వాదనకి ఇబ్బందే. కాకపోతే ఆట ప్లాన్ వేసే మనిషి వేరు, ఆటగాళ్లందరూ ఎవరి ముఖం చూసి నడుస్తారో ఆ మనిషి వేరు. అప్పటికి ఆ ముఖం కొత్త హెడ్ కోచ్ పీట్ గోల్డింగ్‌ది.

అంతకుముందు డిఫెన్స్ (ఎదుటి జట్టుని ఆపే దళం) చూసుకున్న గోల్డింగ్ హెడ్ కోచ్‌గా ఆడించిన మొదటి ఆటలో ట్యులేన్‌పై 41-10. జనవరి 1న షుగర్ బౌల్‌లో జార్జియాపై 39-34. ఆరు సెకన్లు మిగిలుండగా లూకస్ కార్నేరో 47 గజాల నుంచి కొట్టిన కిక్‌తో ఆధిక్యం వచ్చింది. జనవరి 8న ఫియెస్టా బౌల్‌లో మయామీ చేతిలో 31-27తో ఆగిపోయాం. ఇంకో 18 సెకన్లు నిలబడి ఉంటే ఫైనల్.

ఓల్ మిస్ ప్లేఆఫ్స్‌లో గెలిచే కొద్దీ కిఫిన్‌కి రావాల్సిన బోనస్‌లను ఎల్‌ఎస్‌యూ తన కాంట్రాక్టులో పెట్టి చెల్లించింది. జార్జియాని ఓడించిన రాత్రి మైదానంలో ఉన్నది గోల్డింగ్. ఆ గెలుపు తాలూకు డబ్బు చేరింది బేటన్ రూజ్‌లోని కిఫిన్‌కి. సెప్టెంబరు 19న స్టేడియం అంత కోపంగా ఎందుకుందని బయటివాళ్లు అడిగితే, నేను ముందు ఈ సంగతే చెబుతాను.