సిగ్నల్ పోయినా నీలం చుక్క నడుస్తూనే ఉంది

దోర్నాల దాటి నల్లమల అడవిలోకి వెళ్లిన కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. తెల్లవారుజామునే గుంటూరులో బయల్దేరి నరసరావుపేట, వినుకొండ మీదుగా శ్రీశైలం వెళ్తున్నాం. బాబాయి కారు నడుపుతున్నాడు, పక్కన కూర్చుని ఫోన్ చూసి దారి చెప్పడం నా పని. "సిగ్నల్ పోయిందిగా, ఇంక అదేం చెప్తదిరా, పక్కన పెట్టు" అన్నాడు బాబాయి. పెట్టబోతూ చూశాను. స్క్రీన్ మీద రోడ్డు లేదు, ఊరి పేరు లేదు, అంతా బూడిద రంగు గళ్లే, కానీ ఆ గళ్ల మధ్య నీలం చుక్క మాత్రం కారు మలుపు తిరిగినప్పుడల్లా తనూ తిరుగుతూ ముందుకు పోతూనే ఉంది.

అంతకు ముందు నేనూ బాబాయిలాగే అనుకునేవాణ్ణి, నెట్ లేకపోతే జీపీఎస్ లేదని. ఇప్పటికీ నాకు తెలిసినవాళ్లలో పదిమందిని అడిగితే ఎనిమిది మంది అదే అంటారు. నిజానికి ఫోన్ రెండు వేరు వేరు పనులు చేస్తోంది. నేనెక్కడున్నానో తెలుసుకోవడం ఒకటి, నా చుట్టూ ఏముందో చూపించడం ఇంకొకటి. మొదటిదానికి డేటా అక్కర్లేదు, సిమ్ కార్డు కూడా అక్కర్లేదు. నెట్ కావాల్సింది రెండోదానికే, అది కూడా ఆ క్షణంలో కావాలనేం లేదు, ముందు రోజు రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడు తెచ్చిపెట్టుకోవచ్చు. ఆ రోజు అడవిలో మాకు లేనిది జీపీఎస్ కాదు, మ్యాప్.

జీపీఎస్ అంటే ఏమిటో అర్థం కావాలంటే రేడియోను గుర్తు చేసుకోవాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. మా తాతయ్య రేడియోలో టైము చెప్పగానే చేతి గడియారం సరిచేసుకునేవాడు. ఆయన వింటున్నాడని స్టేషన్‌కి తెలియదు, ఆయన తిరిగి ఏమీ పంపక్కర్లేదు, వినేవాళ్లు లక్షమంది పెరిగినా స్టేషన్‌కి కొత్తగా పడే బరువేం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలూ అంతే. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు దాదాపు రెండుసార్లు భూమిని చుట్టివస్తూ, సుమారు 30 ఉపగ్రహాలు ఎప్పుడూ ఒకటే పాట పాడుతుంటాయి: నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు టైము ఇంత, నేను తిరిగే దారి ఇది. ఫోన్ వింటుంది, అంతే. మీరెక్కడున్నారో ఉపగ్రహానికి తెలియదు, అంత దూరం మాట పంపే శక్తి ఫోన్‌లోని ఆ చిన్న చిప్‌కి లేదు. (మీ లొకేషన్ ఎవరికైనా చేరుతోందంటే దాన్ని పంపేది ఫోన్‌లోని యాప్‌లు, అవి పంపేది నెట్ ద్వారా. ఉపగ్రహానికి ఆ పాపం అంటదు.) ఈ వ్యవస్థ అమెరికా సైన్యానిది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది, మొత్తం వ్యవస్థ పూర్తిగా పనిలోకి వచ్చింది 1995లో. సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే కలిపిన తప్పును 2000 మే నెలలో తీసేశారు. అది తీసేయకపోయి ఉంటే ఇవాళ మనం వాడుతున్న మ్యాప్‌లు మనల్ని ఓ వంద మీటర్లు అటూ ఇటూ చూపిస్తూ ఉండేవి.

సరే, ఉపగ్రహం టైము చెప్తే ఫోన్‌కి చోటు ఎలా తెలుస్తుంది? మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టి, మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఫోన్ చేసేదీ అదే లెక్క, కాకపోతే శబ్దానికి బదులు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే రేడియో తరంగంతో. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం మాట మన దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. మాట బయల్దేరిన టైము అందులోనే ఉంది, చేరిన టైము ఫోన్‌కి తెలుసు, తేడాను వేగంతో గుణిస్తే దూరం. ఇప్పుడు ఇంద్రకీలాద్రికి ఇంత దూరంలో ఉన్నానని మీరు చెప్తే ఆ కొండ చుట్టూ ఒక వలయం గీయొచ్చు, ఆ వలయం మీద ఎక్కడైనా ఉండొచ్చు మీరు. మంగళగిరి కొండకు కూడా దూరం చెప్తే రెండు వలయాలు రెండే రెండు చోట్ల కలుస్తాయి, కోటప్పకొండకూ చెప్పారంటే ఇక మిగిలేది ఒక్క చోటే. ఆకాశంలో వలయాలకు బదులు గోళాలు వస్తాయి, లెక్క మాత్రం ఇదే.

అయితే మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు కావాలి. ఈ నాలుగో దాని సంగతి నాకు చాలా ఇష్టం. ఉపగ్రహంలో ఉండేది అణు గడియారం, మన ఫోన్‌లో ఉండేది చవక క్వార్ట్జ్ ముక్క. ఫోన్ గడియారం సెకనులో వెయ్యో వంతు తప్పినా దూరం లెక్క 300 కిలోమీటర్లు తప్పుతుంది, విజయవాడలో ఉన్నవాణ్ణి హైదరాబాద్ దాటించేస్తుంది. పదిలక్షో వంతు తప్పితే 300 మీటర్లు. అందుకని ఫోన్ తన గడియారాన్ని తానే నమ్మదు. ఎక్కడున్నానన్నదానికి మూడు అంకెలు తెలియవు, నా గడియారం ఎంత తప్పన్నది నాలుగో తెలియని అంకె, నాలుగు తెలియని వాటికి నాలుగు సమీకరణాలు కావాలి. బడిలో రెండు తెలియని రాశులతో కుస్తీ పట్టామే, అదే పద్ధతి ఇంకాస్త పెద్దదిగా మీ చేతిలో సెకనుకోసారి జరుగుతోంది. ఇంకో మాట. ఐన్‌స్టీన్ చెప్పినట్టే, పైన ఆకర్షణ తక్కువ కాబట్టి గడియారం ముందుకు పోతుంది, ఉపగ్రహం వేగంగా పోతుంది కాబట్టి కాస్త వెనకబడుతుంది, రెండూ కలిపి చూస్తే ఆ గడియారాలు కింద ఉన్నవాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని ముందే సరిచేసి పంపుతారు. అలా చేయకపోతే ఒక్క రోజులో 11 కిలోమీటర్ల తప్పు పోగవుతుంది, అంటే కాస్త అటూ ఇటూగా విజయవాడ నుంచి మంగళగిరి అంత.

మరి నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే రాలేదు, దానికి అసలైన కారణం ఉంది. ఉపగ్రహం తన దారి వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది. ఇవాళ్టి లెక్కల్లో అది నత్తనడక కంటే నెమ్మది. ఆ వివరాలు ఒకసారి పూర్తిగా వినడానికి అర నిమిషం పడుతుంది, మధ్యలో ఏ చెట్టో గోడో అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి. డేటా ఉన్నప్పుడు ఫోన్ ఇంత ఓపిక పట్టదు, అవే వివరాలను నెట్ నుంచి చిటికెలో తెచ్చేసుకుంటుంది, పైగా దగ్గర్లో ఏ సెల్ టవర్లు, ఏ వైఫైలు ఉన్నాయో చూసి ముందే ఒక అంచనా వేసుకుంటుంది. అందుకే యాప్ తెరవగానే చుక్క ప్రత్యక్షమవుతుంది. డేటా ఆపేస్తే, అందులోనూ ఫోన్ చాలాసేపు ఆగిపోయి ఉంటే, ఆ నెమ్మది మాటలన్నీ ఆకాశం నుంచే వినాలి, నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. మనం పది సెకన్లు చూసి, చుక్క రాలేదని ఫోన్ జేబులో పెట్టేస్తాం. పెట్టకండి. ఆరుబయటకు వచ్చి, ఆకాశం కనిపించే చోట కదలకుండా నిలబడండి. బయల్దేరే ముందు సిగ్నల్ ఉన్నప్పుడే ఒకసారి మ్యాప్ తెరిచి చుక్క వచ్చేదాకా చూసుకుంటే, ఆ వివరాలు తర్వాత కొన్ని గంటలు పనికొస్తాయి.

శ్రీశైలం నుంచి వచ్చాక ఒక ఆదివారం ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి విజయవాడంతా బండి మీద తిరిగాను. ఆ మోడ్‌లో ఫోన్ బయటకు పంపడం ఆగిపోతుంది, వినడం ఆగదు, ఇప్పటి ఫోన్లలో చాలావరకు లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ పనిచేస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద పైన ఏ అడ్డమూ లేదు కాబట్టి చుక్క గీత గీసినట్టు నడిచింది. ఇలాంటి ఆరుబయట మామూలు ఫోన్‌కి తప్పు 5 మీటర్ల దగ్గర ఉంటుంది. వన్ టౌన్ సందుల్లోకి వెళ్లాక మాత్రం చుక్క గోడలు దూకడం మొదలుపెట్టింది. రెండు పక్కలా మేడలు ఉన్నప్పుడు సంకేతం నేరుగా రాకుండా గోడకు తగిలి వస్తుంది, ఆ చుట్టు తిరిగిన దూరాన్ని ఫోన్ నిజం దూరమనుకుంటుంది. చిట్టినగర్ సొరంగంలోకి వెళ్లగానే మాటలే ఆగిపోయాయి, యాప్ కాసేపు పాత వేగాన్ని బట్టి చుక్కను అంచనాగా నడిపి, బయటకు రాగానే సరిచేసుకుంది. బెంజి సర్కిల్ దగ్గర ఇంకో ఇబ్బంది. నేను ఫ్లైఓవర్ మీదున్నానా కిందున్నానా అన్నది దానికి సరిగ్గా తేలలేదు, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు కాబట్టి ఎత్తు లెక్క ఎప్పుడూ కాస్త వదులుగానే వస్తుంది. ఇవేవీ డేటా లేనందువల్ల వచ్చినవి కావు. డేటా ఆన్ చేసి మళ్లీ తిరిగినా సొరంగంలో ఉపగ్రహం మాట వినపడదు.

ఇప్పటి ఫోన్లు ఒక్క అమెరికా జీపీఎస్‌నే వినవు. రష్యా గ్లొనాస్, యూరప్ గెలీలియో, చైనా బైదూ, కొన్ని ఫోన్లలో మన నావిక్ కూడా. నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులైలో మన శ్రీహరికోట నుంచే వెళ్లింది, 2016 కల్లా ఏడూ వెళ్లాయి. తర్వాత కొన్నింట్లో అణు గడియారాలు చెడిపోయాయి. గడియారం పోతే ఉపగ్రహం మాట్లాడినా ఆ మాటతో చోటు తేల్చలేం. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు సొంతంగా చేసిన అణు గడియారం పెట్టారు. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం, అది అనుకున్న కక్ష్యకు చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక మ్యాప్ సంగతి. ఆంధ్ర మొత్తం ఫోన్‌లో పడుతుందా అని బాబాయి అడిగాడు. సంక్రాంతికి చుక్కల ముగ్గు పక్క ఊళ్లో ఉన్న చెల్లెలికి చెప్పాలంటే రెండు దారులు. ముగ్గు ఫోటో పంపడం ఒకటి. ఫోన్‌లో "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా, ఇది దానికి కలుపు" అని చెప్పడం రెండోది. రెండో దాంట్లో పంపేది నాలుగు మాటలే, ముగ్గును ఆమె తన వాకిలి ఎంత ఉంటే అంత పెద్దదిగా వేసుకుంటుంది. డౌన్‌లోడ్ చేసుకునే మ్యాప్ ఈ రెండో రకం. రోడ్డు బొమ్మ అందులో ఉండదు, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు గీత, పేరు ఇది, వన్‌వే, అని మాత్రమే ఉంటుంది, గీయడం ఫోన్ పని. అందుకే ఎంత దగ్గరికి లాగినా గీత మసకబారదు, మన రాష్ట్రమంతా కలిపినా ఒక సినిమా పట్టేంత చోటు పట్టదు. దారి వెతకడానికి కూడా దూరాన ఉన్న కంప్యూటర్ అక్కర్లేదు. రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి కనిపెట్టే లెక్కను డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1959లోనే ప్రచురించారు, దాన్ని మెరుగుపరిచిన పద్ధతులను మామూలు ఫోన్ కూడా తేలిగ్గా చేసుకుపోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది, కావాల్సిన ప్రాంతాన్ని చట్రంలో పెట్టి డౌన్‌లోడ్ కొట్టడమే. దాంతో నెట్ లేకుండా బండి దారి వస్తుంది కానీ నడక దారి రాదు, బస్సుల సంగతి రాదు, ట్రాఫిక్ అసలే రాదు. ట్రాఫిక్ అంటే రోడ్డు మీద ఉన్న మిగతావాళ్ల ఫోన్లు ఆ క్షణంలో చెప్పే కబురు కాబట్టి అది ముందుగా డౌన్‌లోడ్ చేసుకునే సరుకు కాదు. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కి గడువు కూడా ఉంటుంది, అప్పుడప్పుడు అప్‌డేట్ చేయాలి. నాకు నచ్చింది ఆర్గానిక్ మ్యాప్స్. ఆఫ్‌లైన్ కోసమే కట్టిన యాప్ అది, నడక దారి కూడా చూపిస్తుంది. అది వాడే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004 నుంచి జనమే గీస్తున్నారు. మీ ఊరి డొంక అందులో లేకపోతే మీరే చేర్చొచ్చు, నేను మా పొలం దారి అలాగే చేర్చాను. ఇంకొకటి, సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది, అడవి దారిలో ఏరోప్లేన్ మోడ్ పెట్టుకుంటే ఛార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది.

ఇదంతా ప్రయాణాల కోసమే అయితే నేను ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. ఆ మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా మేనత్త మేడ మీద చిక్కుకుంది, కరెంటు లేదు, ఫోన్ ఎప్పుడో ఒకసారి కలిసేది, కలిసినా డేటా రాదు. "రామాలయం వెనక సందులో మూడో ఇల్లు అని చెప్పరా" అనేది. పడవలో ఉన్నవాళ్లకు సందు ఎక్కడ కనిపిస్తుంది, అంతా నీళ్లే. ఆ మూడు రోజులు మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఆమె ఫోన్ ఆమె ఉన్న చోటును మీటర్ల తేడాతో చెప్పగలదని, ఆ రెండు అంకెలను మామూలు ఎస్ఎంఎస్‌లో పంపొచ్చని, కాల్ కలిస్తే నోటితోనే చెప్పేయొచ్చని అప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు.

విజయవాడ అక్షాంశం 16.5, రేఖాంశం 80.6 ప్రాంతం. చుక్క తర్వాత నాలుగు అంకెలు చెప్తే 11 మీటర్ల లోపు, అంటే ఇల్లు తేలిపోతుంది. మ్యాప్‌లో మీ ఇంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈ అంకెలు వస్తాయి. పోయిన దసరాకు వెళ్లినప్పుడు అత్తయ్య చేత ఆ పని చేయించాను. మొదట కాస్త సందేహంగా చూసింది, తర్వాత కళ్లజోడు పెట్టుకుని రెండు అంకెలనూ గ్యాస్ పుస్తకం అట్ట మీద పెద్దగా రాసింది. పక్కింటి వాళ్లవి కూడా చూసి చెప్పమంది. ఆ సాయంత్రం ఆ సందులో ఏడు ఇళ్ల అంకెలు రాశాం.