వానలో మృదంగం తడవదా?

చిక్కడపల్లి,
హైదరాబాద్

చిన్నోడికీ బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకి వచ్చినప్పుడు మనం టీవీలో 'శంకరాభరణం' చూశాం కదా. శాస్త్రిగారు వానలో తడుస్తూ 'శంకరా నాదశరీరా పరా' అని గొంతెత్తి పాడుతుంటే చిన్నోడు అడిగాడు, "తాతయ్యా, మృదంగం వాయించేవాళ్లు ఎక్కడున్నారు? వానకి మృదంగం తడిసిపోదా?" అని. మీ నాన్న నవ్వాడు. నానమ్మ "ముందు పాట విననివ్వరా" అని కసిరింది. పాటయ్యాక చెప్తాలే అన్నాను. పాటయ్యేసరికి వాడు నిద్రపోయాడు. అందుకే ఈ ఉత్తరం.

వాడు అడిగింది సరైన ప్రశ్నే. తోలు నానితే మృదంగం పలకదు, కొడితే చప్పగా మోగుతుంది. మరి వాళ్లు ఎక్కడ దాక్కున్నారు?

ఒకప్పుడు నిజంగానే దాక్కునేవాళ్లు! మన దేశంలో మాట్లాడే సినిమా 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. మరుసటి ఏడు తెలుగులో 'భక్త ప్రహ్లాద'. అప్పటికి పాటని విడిగా రికార్డు చేసుకోవడం లేదు. కెమెరా తిరుగుతుండగానే నటుడు పాడాలి. హార్మోనియం, తబలా వాళ్లు కెమెరా కంటపడకుండా ఏ చెట్టు చాటునో, ఏ గోడ వెనకో కూర్చుని వాయించాలి. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్లీ మొదటికే. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్లు 'ధూప్ ఛావ్' అనే హిందీ సినిమాకి పాటలు ముందే రికార్డు చేసుకుని, షూటింగులో అవి వినిపిస్తూ నటులతో పెదాలు కదిలించారు. అక్కడి నుంచి చెట్టు చాటు అవసరం తీరిపోయింది.

అయినా మనవాళ్లలో కొందరు తమ పాట తామే పాడుకున్నారు. నాగయ్యగారు 1946లో 'త్యాగయ్య'కి దర్శకత్వం వహించి, తానే వేషం కట్టి, తానే పాడారు. 1951లో 'మల్లీశ్వరి'లో భానుమతిగారు కూడా తన పాటలు తానే పాడుకున్నారు. తర్వాత తర్వాత మనిషి ఒకరు, గొంతు ఇంకొకరు అయ్యారు. మీరు చూసిన శాస్త్రిగారు జె.వి. సోమయాజులు. అప్పట్లో డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగంలో ఉన్న మనిషి. ఆ గొంతేమో ముప్పై మూడేళ్ల బాలసుబ్రహ్మణ్యానిది. బాలు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ దగ్గర సహాయకుడిగా ఉన్న పుహళేంది పక్కన కూర్చుని నేర్పించారు. ఆ పాటలకే బాలుకి మొదటి నేషనల్ అవార్డు వచ్చింది. చిన్నోడా, మృదంగం మాత్రం చుక్క నీరు పడని రికార్డింగ్ గదిలో హాయిగా మోగింది.

మీరు గంతులేసే 'నాటు నాటు' కూడా అంతే. ఆ హీరోలిద్దరూ ఎగిరింది 2021లో, ఉక్రెయిన్ దేశం కీవ్ నగరంలో, అధ్యక్షుడి భవనం ముందు. పాడినవాళ్లలో ఒకరు రాహుల్ సిప్లిగంజ్, మన పాతబస్తీ కుర్రాడు. దాక్కోవడానికి ఇంత దూరమా అనిపిస్తుంది!

ఇక బుజ్జమ్మ ప్రశ్న ఇంకా చిక్కు. "పాట లేనప్పుడు కూడా వెనకాల వాయిస్తూనే ఉన్నారెందుకు?" అంది. దీనికి పెద్ద పెద్ద మాటలొద్దు. మీ బాబాయి పెళ్లి గుర్తు తెచ్చుకోండి. మేళంవాళ్లు మండపం పక్కన ఓ మూల కూర్చున్నారు. వాళ్లవైపు ఎవరూ చూడలేదు, ఫొటోల్లో కూడా లేరు. మరి ఫంక్షన్ హాల్లో చివరి కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లకి తాళి కడుతున్నారని ఎలా తెలిసింది? పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే డోలు, సన్నాయి ఒక్కసారి ఎత్తుకున్నాయి. ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు కూడా అక్షింతలు పట్టుకుని లేచారు. సినిమా వెనకాల సంగీతం చేసే పని అదే. ఇప్పుడు చూడండి అని చెప్పడం.

ఆ సమయంలో ఎవరు తుమ్మినా వినపడకూడదని కూడా గట్టిగా వాయిస్తారు. సినిమాలోనూ కథకి అతుకులున్న చోట మేళం జోరు పెరుగుతుంది, గమనించండి. అప్పగింతలప్పుడు డోలు తగ్గి సన్నాయి ఒక్కటే మెల్లగా సాగుతుంది. పెళ్లికూతురు తల్లి కంటే ముందు సన్నాయే ఏడుపు మొదలుపెడుతుంది. ఈమధ్య కొన్ని సినిమాలు మొదటి నుంచి చివరిదాకా గట్టిమేళమే. తాళి ఎప్పుడు కట్టారో తెలియకుండానే బయటికొచ్చేస్తాం.

మేళమంటే ఇంకోటి గుర్తొచ్చింది. మా పెదనాన్న కొడుకు ఒకడు ఉండేవాడు, మహా కొంటె. మేళంవాళ్లకి ఎదురుగా కూర్చుని, ఉప్పూకారం అద్దిన పచ్చి చింతకాయ చప్పరిస్తూ కళ్లు మూసి తెరిచేవాడు. పాపం సన్నాయి ఆయనకి నోట్లో నీళ్లూరి పీక పలికేది కాదు. సన్నాయి ఆగిపోయేసరికి పందిట్లో అందరూ తలలు తిప్పి చూశారు. అప్పటిదాకా అది మోగుతోందని ఎవరికీ పట్టలేదు. వాడికి ఆ పూట వీపు విమానం మోత మోగిందనుకోండి. మీరు మాత్రం ఈసారి పెళ్లికి వెళితే మేళంవాళ్లు భోంచేశారో లేదో కనుక్కోండి. చాలాచోట్ల ఆఖరి పంక్తి వాళ్లదే.

మరి సినిమాలో పంతులుగారి చెయ్యి ఎవరిదంటారా? సంగీత దర్శకుడిది. షూటింగు అయిపోయి, ముక్కలన్నీ అతికి, మాటలు చేర్చాక ఆయనకి సినిమా చూపిస్తారు. ఎక్కడ మోగాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆయన రాసుకుంటాడు. పాత రోజుల్లో తెర మీద ఆ ముక్క ఆడుతుంటే వయొలిన్లూ ఫ్లూట్లూ ఎదురుగా కూర్చుని కలిసి వాయించేవి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. దాన్ని రీరికార్డింగ్ అంటారు. ఇప్పుడు చాలాసార్లు ఒక్కొక్కరూ వచ్చి తమ వంతు వాయించి వెళ్తే కంప్యూటర్లో కలుపుతున్నారు.

నా చిన్నప్పుడు మా ఇల్లు సినిమా హాలు వెనకే ఉండేది. ఎండాకాలం డాబా మీద పడుకుంటే సెకండ్ షో మొత్తం వినిపించేది. బొమ్మ కనపడదు, మాటలు సగం గాలికి పోయేవి. అయినా మేళాన్ని బట్టి తెలిసిపోయేది: ఇదిగో ఫైటింగు, ఇదిగో తల్లి చచ్చిపోయింది, ఇదిగో ఆ పాపిష్టివాడు వస్తున్నాడు. టికెట్ కొనుక్కుని చూసేనాటికి కథ సగం నాకు తెలిసిందే. మీరూ చేసి చూడండి. ఏదైనా సీను ఒకసారి సౌండు తీసేసి చూడండి. మళ్లీ అదే సీను కళ్లు మూసుకుని వినండి. నేను చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఒక్క పాటలో మాత్రం ఎవరూ దాక్కోలేదు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లో 'శివశంకరీ'. పాడేవాడూ రామారావే, వీణ వాయించేవాడూ రామారావే, మృదంగం కూడా రామారావే! నిజం గొంతు ఘంటసాలగారిది, బాణీ పెండ్యాల నాగేశ్వరరావుగారిది. ఇదంతా కెమెరా మాయ అని తెలిసీ, పాట చివరికొచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అదెందుకో చెప్పమంటే నా వల్ల కాదు. మీరే వినండి.

వచ్చే ఆదివారం నాన్నని అడిగి 'స్వాతి కిరణం' పెట్టించుకోండి. 1992 సినిమా. అందులో పాడే అబ్బాయి బుజ్జమ్మ కంటే కొంచెం పెద్దవాడుంటాడేమో. కానీ ఆ గొంతు ఒక ఆడమనిషిది. అందులో 'ఆనతినీయరా' పాటకి ఆవిడకి నేషనల్ అవార్డు ఇచ్చారు. పేరు నేను చెప్పను. మొదట్లో పేర్లు పడేటప్పుడు తోసెయ్యకుండా చదవండి. కనిపెట్టినవాళ్లు నాకు ఫోన్ చెయ్యండి. నానమ్మకి ముందే తెలుసు, ఆవిణ్ణి అడగొద్దు.

మీ తాతయ్య